మొదటి మునుము

దేశం విడిచి ఉన్న రాజుగారు తిరిగొచ్చి సింహాసనం ఎక్కిన మూడో ఏడు. జూన్ రెండో వారంలో ఒక తెల్లవారుజామున మా బ్రామ్‌కోంబ్ మగవాళ్ళంతా పొడుగుబీడు గట్టు మీద నిలబడి మా నాన్న కోసం ఎదురుచూస్తున్నారు. కొడవళ్ళు భుజాల మీదే ఉన్నాయి. ఎవరూ గడ్డిలో అడుగు పెట్టలేదు.

ఇంట్లో నేను నాన్న చేతికి కడియం కడుతున్నాను. ఆయన కుడిచెయ్యి మణికట్టు దాకా కూడా రాదు. దానికి నాలుగు వేళ్ళ పైనే ఆగిపోతుంది. ఆ మొండికి ముందు మెత్తటి ఉన్నిగుడ్డ చుట్టాలి. దానిమీద తోలు తొడుగు వేసి మూడు పట్టీలు బిగించాలి. తొడుగు చివర మా కమ్మరి చేసిచ్చిన ఇనుప కడియం ఉంటుంది. నిలబడి గడ్డి కోసే పెద్ద కొడవలి కర్రకు ఒక పిడి ఉంటుంది కదా, అది ఆ కడియంలో దూరుతుంది. అమ్మ బతికున్నన్నాళ్ళూ ఈ పని అమ్మదే. ఫిబ్రవరిలో అమ్మ పోయింది.

"ఇంకా బిగించు," అన్నాడు నాన్న.

"నొప్పెడుతుంది నాన్నా."

"బిగించకపోతేనే ఎక్కువ నొప్పి. మీ అమ్మ మోకాలు అడ్డం పెట్టి లాగేది."

నేనూ మోకాలు అడ్డం పెట్టాను. మా చెల్లి విల్మట్ సానరాయి రెండు చేతులతో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. దానికి తొమ్మిదేళ్ళు. రోజూ పొద్దున అడిగే ప్రశ్నే అడిగింది.

"ఇవాళ వేళ్ళెలా ఉన్నాయి నాన్నా?"

"ముడుచుకునే ఉన్నాయి."

"ఒక్కటి కూడా తెరుచుకోలేదా?"

"చిటికెనవేలు కొంచెం కదిలినట్టుంది. పద, జనం నిలబడిపోయారు."

లేని వేళ్ళ గురించి వాళ్ళిద్దరూ అలా మాట్లాడుకోవడం మా ఇంట్లో మామూలే. నాకు మాత్రం విన్నప్పుడల్లా వీపు మీద చల్లగా ఏదో పాకినట్టుండేది.

నాన్న గట్టు దగ్గరికి రాగానే మగవాళ్ళు టోపీలు తీశారు. యుద్ధానికి ముందు మా ఊరి కోతకి ఆయనే పెద్ద. ఆయన కొడవలి కదిలిన తీరులోనే మిగతా కొడవళ్ళు కదిలేవట. ఇప్పుడు ఏడాదికి ఒక్క పొద్దున, ఒక్క మునుము, అంటే ఒక మనిషి కోసుకుంటూ పోయే వరస, కోస్తాడు. బీడు ఈ చివర నుంచి ఆ చివరికి, ఒంటరిగా. ఆయన పక్కన ఐదుగురు కోసేంత వెడల్పు గడ్డి వదిలేసి, దానికి అవతల నుంచి మిగతావాళ్ళు పని మొదలుపెడతారు. మధ్యాహ్నం దాకా ఆ ఐదు మునుముల గడ్డి ఎవరూ ముట్టరు. ఆ తర్వాత ఆ ఐదుగురి ఇళ్ళవాళ్ళు వచ్చి కోసుకుంటారు.

ఆ ఐదుగురూ మా ఊరివాళ్ళు. రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం వచ్చినప్పుడు నాన్నతో కలిసి రాజు పక్షాన వెళ్ళారు. టారింగ్టన్‌లో ఆరుగురూ పట్టుబడ్డారు. మిగతా ఖైదీలతో పాటు వాళ్ళని చర్చిలో పెట్టి తలుపులు వేశారు. ఆ చర్చిలోనే తుపాకిమందు పీపాలు ఉన్నాయి. కాసేపటికి కాపలావాడొకడు తలుపు తీసి, బయట గుర్రాన్ని పట్టుకోవడానికి ఒకడు కావాలన్నాడు. తలుపుకి దగ్గరగా ఉన్నది నాన్న. ఆయన వీధిలో కళ్ళెం పట్టుకుని నిలబడి ఉండగా చర్చి మొత్తం పైకి లేచిందట. కప్పు మీది సీసం వానలా పడిందట. ఒక దూలం వచ్చి కళ్ళెం పట్టుకున్న చేతి మీద పడింది.

ఇది నాన్న చెప్పింది కాదు. అమ్మ చెప్పింది, అదీ ఒకే ఒక్కసారి.

నాన్న కొడవలి పిడి కడియంలో పెట్టి, ఎడమచేత్తో కర్ర పట్టుకుని, నడుం తిప్పాడు. మంచుతో తడిసిన గడ్డి చప్పుడు లేకుండా పక్కకి ఒరిగింది. ఆయన అడుగులో అడుగు వేసుకుంటూ వెళుతుంటే గట్టు మీద ఎవరూ మాట్లాడలేదు. నాకెప్పుడూ ఒక్కటే అనిపిస్తుంది. ఆయన పక్కనున్న ఆ ఐదు మునుముల గడ్డి గాలి లేకపోయినా కదులుతున్నట్టుంటుంది. కళ్ళు అటు తిప్పకుండా నాన్న వీపునే చూసేదాన్ని.

ఆయన అవతలి చివర చేరగానే గ్రెగరీ లస్కమ్ మామ ముందుగా నోరు తెరిచాడు. ఈయనా రాజు పక్షాన పోరాడినవాడే, కాల్లో తుపాకిగుండు దిగి మోకాలు వంగదు. మా చర్చి గంట కొట్టేది ఆయనే.

"ఒరేయ్ ఆంబ్రోస్! నీ కడియం చూసి మా ఆవిడ తనకీ ఒకటి చేయించమంటోందిరా!"

"ముందు ఆవిణ్ణి ఓ చెయ్యి పోగొట్టుకుని రమ్మను, చేయిద్దాం," అన్నాడు నాన్న. నవ్వులు మొదలయ్యాయి. మగవాళ్ళు గడ్డిలోకి దిగారు.

ఆ నవ్వుల మధ్యలోనే నికొలస్ ఫర్స్‌గారు నన్ను పక్కకి పిలిచారు. ఆయన పెద్ద రైతు. ఆ ఏడు ఊరి పేదల ఖర్చు చూసే వంతు ఆయనది.

"అమ్మాయ్ టామ్‌సిన్, నీతో చెప్పడమే మంచిది, మీ నాన్నకి కోపమెక్కువ. మీ ఇంటి అద్దె మూడు నెలలుగా ఊరే కడుతోంది. మీ అమ్మ వడికినంత దారం నువ్వు వడకలేవు. సెప్టెంబరు చివర మిఖాయేలు పండుగకి చిన్నదాన్ని ఎక్కడైనా పనికి కట్టెయ్యాలి. సౌత్ మోల్టన్ అవతల ఒక రైతు అడుగుతున్నాడు."

"దానికి తొమ్మిదేళ్ళేనండీ."

"ఏడేళ్ళవాళ్ళని పంపలేదా? తిండీ బట్టా వాళ్ళే పెడతారు. ఇరవై ఒకటి నిండేదాకా అక్కడే."

నేను ఏళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టలేదు కానీ ఆయనకి నా మొహం అర్థమైనట్టుంది. గొంతు తగ్గించారు.

"నాకూ ఆడపిల్లలున్నారమ్మా. నాకేం సరదానా? చూడు, రాజు కోసం దెబ్బతిన్నవాళ్ళకి పింఛను ఇమ్మని చట్టం వచ్చింది. జూలైలో ఎక్సెటర్ కోటలో కోర్టు కూర్చుంటుంది. నువ్వు చదువుకున్నదానివి. అర్జీ రాయి. ఊళ్ళో పెద్దవాళ్ళ సాక్ష్యం రాయించి పట్టుకెళ్ళండి. పింఛను వస్తే పిల్ల జోలికి నేనెందుకు వస్తాను?"

ఆ సాయంత్రం కడియం విప్పితే ఉన్నిగుడ్డ మొండికి అతుక్కుపోయి ఉంది. గోరువెచ్చని నీళ్ళతో తడిపి తడిపి తీశాను. తోలు ఒరుసుకున్నచోట చర్మం పగిలి ఎముక తెల్లగా కనబడింది. ప్రతి ఏడూ ఇంతేనని అప్పుడే నాకు తెలిసింది. అమ్మ ఎవరినీ చూడనిచ్చేది కాదు. పదిహేను రోజులు నాన్న జ్వరంతో మంచం దిగలేదు. బాతు కొవ్వు రాసి కట్లు మార్చాను.

"ఎవరైనా అడిగితే గొర్రెల దగ్గరికి వెళ్ళాడని చెప్పు," అన్నాడు.

అలాగే చెప్పాను. ఊరు నమ్మింది. ఆయన మొదటి మునుము కోస్తే ఆ ఏడు గడ్డి వానకి తడవదని కూడా ఊరు నమ్మేది.

జూన్ చివరి ఆదివారం ప్రార్థన అయ్యాక పదకొండు మంది మా ఇంటికి వచ్చారు. సాక్ష్యం రాయించడానికి. చదవడం రాయడం వచ్చినవాళ్ళు ఊళ్ళో ముగ్గురం. మాకు అక్షరాలు నేర్పిన చర్చి అయ్యగారు, ఫర్స్‌గారు, నేను. అయ్యగారికి చూపు పోయింది. ఫర్స్‌గారు తన చేత్తో రాస్తే మా ఖర్చు ఊరి మీద నుంచి తప్పించడానికి రాశాడంటారని దూరంగా ఉన్నారు.

నేను బల్ల ముందు కూర్చున్నాను. అందరూ చుట్టూ మూగారు.

"ఆంబ్రోస్ హెక్స్ట్ అనే ఇతణ్ణి మేము బాగా ఎరుగుదుము," అని చదువుతూ రాశాను. "నిజాయితీ గలవాడు. రాజుగారి సేవలో కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. భార్య లేదు. ఇద్దరు ఆడపిల్లలు."

"బాగుంది," అన్నాడు కమ్మరి. "కడియం నేను చేశానని రాస్తావా?"

"నీ కడియం గురించి దొరలకెందుకురా?" అన్నాడు గ్రెగరీ మామ. "ఇంకా నయం, గుర్రపు నాడాల ధర కూడా రాయించేట్టున్నావు."

అప్పుడు ఆనర్ టాపర్ లేచింది. డెబ్బై దాటిన మనిషి. ఆమె కొడుకు పీటర్ ఆ ఐదుగురిలో ఒకడు.

"ఏమే టామ్‌సిన్, మొదటి మునుము సంగతి రాశావా?"

"లేదు పెద్దమ్మా."

"అది రాయకుండా ఏం రాశావే? చెయ్యి పోయినవాళ్ళు ఈ డెవన్ జిల్లా నిండా ఉన్నారు. చెయ్యి పోయి కూడా ఏటా మునుము పట్టేవాడు ఎక్కడున్నాడు? రాయి. తన కోసమూ, మన పీటర్ కోసమూ, స్లీ అన్నదమ్ముల కోసమూ, రాబర్ట్ వెన్ కోసమూ, ముసలి క్రిస్టఫర్ కోసమూ కోస్తాడని రాయి. ఇంత తిన్నగా కోసేవాడు ఊళ్ళో లేడని రాయి."

"అవునవును," అన్నారు అంతా ఒక్కసారిగా. "అదే అసలు మాట!"

పనిచేసేవాడు అనడం కంటే పెద్ద పొగడ్త మా ఊళ్ళో లేదు. ఒక మనిషి మంచివాడని దొరలకి చెప్పాలంటే మావాళ్ళకి తెలిసిన దారి అదొక్కటే. నా కలం సిరాలో ముంచి ఉంది. పనిచేయలేనివాడికి కదా పింఛను, అన్న ఆలోచన నాకు అప్పుడే వచ్చింది. నాలుక చివరిదాకా వచ్చింది.

నాన్న వైపు చూశాను. ఆయన ఆనర్ పెద్దమ్మని చూస్తున్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటోంది. పదిహేడేళ్ళలో ఆ ఐదు పేర్లూ ఎవరైనా ఒక్క వరసలో పైకి చెప్పడం నేను వినలేదు. నాన్నా విని ఉండడు.

నేను రాశాను. "ఇతడు ఏటా మా ఊరి బీడులో మొదటి మునుము తానే కోస్తాడు. తన కోసమూ, తిరిగిరాని ఐదుగురి కోసమూ. ఇంత తిన్నగా కోసేవాడు మా ఊళ్ళో మరొకడు లేడు."

చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నారు. మూడోసారి చదివాక ఒక్కొక్కరే వచ్చి కాగితం మీద తమ గుర్తులు పెట్టారు. కమ్మరి సుత్తి బొమ్మ వేశాడు. గ్రెగరీ మామ గంట వేశాడు, అది బోర్లించిన చెంబులా వచ్చింది. ఆనర్ పెద్దమ్మ శిలువ గీసి, దాని పక్కనే ఇంకొకటి చిన్నది గీసింది.

"రెండు పెట్టకూడదు పెద్దమ్మా."

"రెండోది నాది కాదులే," అంది.

ఎక్సెటర్ మాకు ఒకటిన్నర రోజు నడక. కోట పెద్ద గదిలో జనం కిక్కిరిసి ఉన్నారు. చెక్కకాళ్ళ చప్పుడు తప్ప నాకు ముందు ఏమీ వినబడలేదు. రెండు కాళ్ళూ లేని ఒకతన్ని భార్య వీపున గంపలో మోసుకొచ్చింది. దవడ సగం లేని మనిషి కోసం వాళ్ళన్న మాట్లాడుతున్నాడు. ఒకాయన చొక్కా విప్పి పక్కటెముకల మధ్య గుంటలో కోర్టు గుమాస్తా చేత వేలు పెట్టించాడు. అందరూ రాజు మనుషులే, అందరి దెబ్బలూ పదిహేనేళ్ళ పైనాటివే. ఇన్నేళ్ళూ వీళ్ళంతా ఎక్కడున్నారో అనిపించింది.

మధ్యాహ్నం మా వంతు వచ్చింది. బల్ల వెనక నలుగురు న్యాయాధికారులు కూర్చుని ఉన్నారు. మధ్యలో ఉన్నాయన పెద్దవాడు. ఒక కంటికి నల్లగుడ్డ కట్టుకుని ఉన్నాడు.

"చూపించు," అన్నాడు.

నాన్న గుడ్డ విప్పాడు. కోత అయి నెల దాటింది. మొండి నున్నగా, గులాబీ రంగులో మానిపోయి ఉంది. రెండు వారాల ముందైతే ఎలా ఉండేదో నాకు తెలుసు.

గుమాస్తా అర్జీ చదివి, ఊరివాళ్ళ సాక్ష్యం చదివాడు. మొదటి మునుము దగ్గరికి వచ్చేసరికి పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు.

"ఇది నిజమేనా? మునుము నువ్వే కోస్తావా?"

"నేనే దొరగారూ."

"ఈ చేత్తోనా?"

"కడియం ఉంది దొరగారూ. మా కమ్మరి చేశాడు."

"ఎంత పొడవు?"

"బీడు ఈ చివర నుంచి ఆ చివరికి. నాలుగు వందల అడుగులు పైనే ఉంటుంది."

"వంకర పోదూ?"

నాన్న తల ఎత్తాడు. "వంకర పోదు దొరగారూ."

బల్ల వెనక నలుగురూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. ఎగతాళి నవ్వు కాదు. పెద్దాయన బల్ల మీద అరచేత్తో తట్టాడు. "శభాష్. ఇలాంటి మనుషులుండబట్టే రాజుగారు మళ్ళీ సింహాసనం ఎక్కారు."

నేను జనాన్ని తోసుకుని రెండడుగులు ముందుకి వెళ్ళాను.

"ఏడాదికి ఒక్క మునుమేనండీ. కోసిన తర్వాత పదిహేను రోజులు..."

"ఎవరమ్మా నువ్వు?"

"కూతుర్నండీ."

"మీ నాన్న కోయడంటావా?"

"కోస్తాడండీ. కానీ..."

"టామ్‌సిన్," అన్నాడు నాన్న. అంతే. వెనక్కి తిరగలేదు.

పెద్దాయన కాసేపు కాగితం చూశాడు. ఆయన మొహంలో కాఠిన్యం ఏమీ లేదు. "హెక్స్ట్, ఆ గంపలో ఉన్నవాణ్ణి చూశావు కదా. ఉన్న డబ్బు కొంచెం. మునుము పట్టగలిగినవాడికి పింఛను రాస్తే వాడికేం రాయను? ఒక్కసారికి ముప్పై షిల్లింగులు ఇప్పిస్తాను. దేవుడు నీకు ఇంత బలం మిగిల్చినందుకు దణ్ణం పెట్టుకో."

గుమాస్తా తర్వాతి పేరు పిలిచాడు.

తిరుగుదారి పట్టాం. రెండో రోజు మధ్యాహ్నం ఒక కంచె నీడన కూర్చుని బార్లీ రొట్టె, జున్ను తిన్నాం. నాన్న రొట్టెని మోకాళ్ళ మధ్య పెట్టుకుని ఎడమచేత్తో తుంచుతున్నాడు.

"ఆ మాట వల్లే పోయింది నాన్నా," అన్నాను.

"తెలుసు."

"రాసేటప్పుడే నాకు అనుమానం వచ్చింది."

"నాకూ వచ్చింది."

నేను జున్ను పక్కన పెట్టి ఆయన వైపు తిరిగాను.

"ఆనర్ ఎదురుగా ఉంది," అన్నాడు. "వాళ్ళ పేర్లు చెప్పింది. ఆ మాట కొట్టెయ్యమని ఆవిడ మొహం చూసి ఎలా చెప్పను? నేను తలుపు దగ్గర ఉన్నాను టామ్‌సిన్. పీటర్ నా వెనకే ఉన్నాడు. ఒక్క అడుగు."

లేచి నడవబోతూ అన్నాడు. "ఊళ్ళో ఎవరికీ ఇది తెలియకూడదు. వాళ్ళ మాటే మనకి అడ్డమైందని తెలిస్తే ఆ ముసలిది బతకదు."

ఊరి మొదట్లోనే జనం ఎదురొచ్చారు. కొందరి చేతుల్లో గడ్డి పంగలకర్రలు అలాగే ఉన్నాయి.

"చదివారా? మా మాట చదివారా?" అంది ఆనర్ పెద్దమ్మ.

"చదివారు. కోర్టంతా విన్నది. పెద్ద దొర బల్ల మీద తట్టి శభాష్ అన్నాడు."

"పేర్లు కూడా చదివారా?"

పేర్లు నేను రాయలేదు. ఐదుగురని మాత్రమే రాశాను. నాన్న ఒక్క క్షణం కూడా ఆగలేదు. "ఐదు పేర్లూ చదివారు. పీటర్ పేరు చదివినప్పుడు దొర టోపీ తీశాడు."

పెద్దమ్మ గట్టు మీద కూలబడి ఏడ్చింది. ఆమె సంతోషంతో ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం.

"మరి పింఛను?" అన్నాడు గ్రెగరీ మామ.

"డబ్బు లేదన్నారు."

"దొంగముండాకొడుకులు!" అన్నాడు కమ్మరి. ఆ రోజు నుంచి మా ఊరు ఎక్సెటర్ దొరల్ని తిడుతూనే ఉంది. ఇప్పటికి మూడేళ్ళయింది. ఇంకా తిడుతోంది.

ముప్పై షిల్లింగులు ఊరికి బాకీపడ్డ అద్దెకి, శీతాకాలం గింజలకి సరిపోయాయి. ఆగస్టు కోతలు అయ్యాయి. ఆపిల్‌పళ్ళు రాలాయి. నేను తెల్లవారింది మొదలు రాట్నం వదల్లేదు. ఫర్స్‌గారు రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయారు. మిఖాయేలు పండుగ ముందురోజు మాత్రం లోపలికి వచ్చి కూర్చున్నారు.

"నేను ఆపగలిగినన్నాళ్ళు ఆపాను ఆంబ్రోస్."

"తెలుసు," అన్నాడు నాన్న.

పండుగ మర్నాడు పొద్దున్నే రైతు మనిషి పొట్టిగుర్రం తోలుకుంటూ వచ్చాడు. విల్మట్ బట్టల మూట అమ్మ పాత శాలువాలో కట్టాను. అది ఏడవలేదు. ఆ మనిషిని ప్రశ్నలతో ఊపిరి తీసుకోనివ్వలేదు.

"మీ ఇంట్లో ఆవులెన్ని?"

"పద్నాలుగు."

"వెన్న చిలకడం నాకొచ్చు. మీ ఇంట్లో పిల్లలున్నారా?"

"ఇద్దరు మగపిల్లలు."

"కొడతారా?"

ఆ మనిషి నా వైపు చూసి, "కొట్టరులే," అన్నాడు.

విల్మట్ నాన్న దగ్గరికి వెళ్ళి మొండిచెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "వేళ్ళెలా ఉన్నాయి?"

"ముడుచుకునే ఉన్నాయి."

"నేను లేనప్పుడు తెరుచుకుంటే అక్కకి చెప్పు. అక్క నాకు ఉత్తరం రాస్తుంది."

"నీకు చదవడం రాదుగా," అనబోయి ఆగాను. నేర్పిస్తానని రెండేళ్ళుగా అంటూనే ఉన్నాను. గుర్రం మలుపు తిరిగేదాకా నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. మలుపు తిరిగాక కూడా నిలబడ్డాడు.

నాలుగు రోజుల తర్వాత గ్రెగరీ లస్కమ్ మామ సాక్ష్యం రాయించుకోవడానికి వచ్చాడు. అక్టోబరు కోర్టుకి ఆయన వెళుతున్నాడు. ఆయన ఇంటికి కూడా ఫర్స్‌గారు రావడం మొదలుపెట్టారు. మామకి ఇద్దరు మనవలు, తల్లిదండ్రులు లేనివాళ్ళు. పెద్దదానికి ఎనిమిదేళ్ళు.

మళ్ళీ అదే బల్ల, అదే జనం. ఈసారి నాన్న పొయ్యి పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు.

"గంట సంగతి రాయి," అన్నాడు కమ్మరి.

"అవునే, అది రాయి," అంది ఆనర్ పెద్దమ్మ. "ఆ కాలుతో కూడా అన్ని మెట్లెక్కుతాడు. ఈ ఊళ్ళో పోయిన ఏ ఒక్కరికీ గంట తప్పించలేదు. మొన్న ఆంబ్రోస్‌కి రాసినట్టే బాగా రాయి. డబ్బు లేక ఇవ్వలేదు గానీ, మన మాటకి దొర టోపీ తీశాడు!"

"నాక్కూడా తీస్తాడంటావా?" అన్నాడు గ్రెగరీ మామ, మొహం వెలిగిపోతూ.

"నీ మొహం చూస్తే ఉన్న టోపీ గట్టిగా పట్టుకుంటాడు," అన్నారెవరో. అందరూ నవ్వారు.

నేను కలం ముంచి రాయడం మొదలుపెట్టాను. రాయడం అయ్యాక సిరా ఆరేందుకు ఇసుక చల్లి, కాగితం ఎత్తి పట్టుకుని చదివాను.

"గ్రెగరీ లస్కమ్ అనే ఇతణ్ణి మేము బాగా ఎరుగుదుము. కాలు వంగకపోయినా, మెట్లెక్కి, మా ఊళ్ళో చనిపోయిన ప్రతి ఒక్కరికీ గంట కొట్టేది ఇతడే. ఎండకీ వానకీ మంచుకీ ఏనాడూ తప్పలేదు. ఇతని గంట విన్నవాళ్ళకి పోయినవాళ్ళు ఒంటరిగా పోలేదనిపిస్తుంది."

"అబ్బ," అంది పెద్దమ్మ. "మళ్ళీ చదవవే."

మళ్ళీ చదివాను. గ్రెగరీ మామ ముక్కు చీదుకున్నాడు. సుత్తి, శిలువ, కత్తెర, ఒక్కొక్కటే గుర్తులు పడ్డాయి. కానీ ఆ కాగితం మీద నేను నిజంగా రాసింది ఇది: ఇతని మోకాలు వంగదు. నాలుగు అడుగులు కూడా కర్ర లేకుండా వేయలేడు. ఏ పనీ చేయలేడు. ఊరి దయ మీద బతుకుతున్నాడు. ఇద్దరు అనాథ మనవలు ఇతని మీద ఆధారపడి ఉన్నారు.

మామకి పింఛను వచ్చింది. ఏడాదికి మూడు పౌన్లు. మనవలిద్దరూ ఇంట్లోనే ఉన్నారు. కానీ అది తర్వాత సంగతి.

ఆ రోజు అందరూ వెళ్ళాక నేను సిరాబుడ్డికి బిరడా పెడుతున్నాను. నాన్న పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు.

"ఆ గంట మాట ఇంకోసారి చదువు," అన్నాడు.

కాగితం గ్రెగరీ మామ పట్టుకెళ్ళాడు. నా చేతిలో ఏమీ లేదు. ఉన్నట్టే మొత్తం చెప్పాను, ఒక్క మాట తప్పకుండా. నాన్న కళ్ళు మూసుకుని విన్నాడు.

"బాగుంది," అన్నాడు. "చదివేటప్పుడు నీ కళ్ళు కాగితం మీద కదల్లేదు."

నేను సిరాబుడ్డి బిరడా ఇంకొంచెం గట్టిగా నొక్కాను.

"ఇలా చదవడం నీకు జూన్‌లోనే వచ్చా?"

రాలేదని చెప్పొచ్చు. ఆయన నమ్మేవాడు. ఆనర్ పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంటున్నప్పుడు, కలం సిరాలో ఉన్నప్పుడు, ఆ దారి నాకు ఒక్క రెప్పపాటు కనబడింది. రాసింది ఒకటి చదివింది ఒకటి అయితే పాపమని అయ్యగారు నేర్పారు. నేను ఆ పాపానికి భయపడ్డాను.

"వచ్చు నాన్నా," అన్నాను.

నాన్న తల ఊపాడు. లేచి, మూల ఉన్న నీళ్ళబకెట్టు ఎడమచేత్తో అందుకున్నాడు. సాయంత్రం నీళ్ళు తేవడం విల్మట్ పని. ఆయన గుమ్మం దాటి ఊటబావి వైపు వెళ్ళాడు. ఖాళీ బకెట్టు మోకాలికి తగులుతున్న చప్పుడు మలుపు దాకా వినబడింది.